మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికుడిగా చేరాలంటే: ఖాళీ వెతకడం నుంచి మొదటి జీతం దాకా

మున్సిపాలిటీలో సఫాయి పనికి దరఖాస్తు అంటే ఒక ఫారం నింపి ఇచ్చి, పిలుపు కోసం ఎదురుచూడటమే అనుకుంటారు చాలామంది. తెలుగు రాష్ట్రాల్లో ఈ ఉద్యోగం సాధారణంగా అలా రాదు. పేపర్లో పెద్ద ప్రకటన ఉండదు, రాతపరీక్ష ఉండదు, హాల్ టికెట్ ఉండదు. ఒక వార్డులో ఒకామె వయసైపోయి మానేస్తుంది, ఇంకో చోట ఒకాయన చనిపోతాడు, లేదా ఊరు పెరిగి నాలుగు కొత్త కాలనీలు మున్సిపాలిటీలో కలుస్తాయి. అక్కడ మనుషులు కావాల్సి వస్తుంది. ఆ సంగతి ముందుగా తెలిసినవాళ్లు, కాగితాలు చేతిలో సిద్ధంగా ఉన్నవాళ్లు లోపలికి వెళ్తారు.

ఇంకో సంగతి. పనిలోకి దిగినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదు. మీ పేరు మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో ఎక్కాలి, మీ పేరు మీద పీఎఫ్ (భవిష్య నిధి) నంబరు, ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) నంబరు పుట్టాలి, జీతం మీ బ్యాంకు ఖాతాలో పడాలి. ఈ మూడూ జరిగేదాకా మీరు ఎవరి బదులో చీపురు పట్టినట్టే లెక్క. అందుకే ఈ మార్గదర్శిలో దరఖాస్తు రాయడం గురించి ఉన్నదానికన్నా, దానికి ముందూ తర్వాతా జరిగేవాటి గురించే ఎక్కువ ఉంటుంది.

1. ఏ పని అడుగుతున్నారో ముందు తేల్చుకోండి

"మున్సిపాలిటీలో పని" అని అడిగితే ఎవరూ సరైన దారి చూపించలేరు. లోపల పనులు వేరు వేరుగా ఉంటాయి. రోడ్లు ఊడ్చేవాళ్లు ఒక రకం. ఇంటింటికీ తిరిగి చెత్త తీసుకునేవాళ్లు ఇంకో రకం. వాళ్లు తోపుడు బండి మీదో, ఆటో టిప్పర్ వెంటో వెళ్తారు. సైడు కాలువల్లో పూడిక తీసేవాళ్లు వేరు. చెత్తను అదిమి నింపే కంపాక్టర్ లారీ మీద ఎత్తిపోసే పని, డంపింగ్ యార్డులో వేరుచేసే పని, దోమల మందు కొట్టే పని, ఇవన్నీ వేరు. ఆఫీసు కాగితాల్లో వీళ్లలో ఎక్కువమందిని పబ్లిక్ హెల్త్ వర్కర్ అంటారు. దరఖాస్తులో ఆ మాట వాడితే గుమాస్తాకు వెంటనే అర్థమవుతుంది.

రోడ్లు ఊడ్చే పనిలో ఆడవాళ్లు ఎక్కువ. పని తెల్లవారుజామునే మొదలవుతుంది. చాలా చోట్ల ఐదు, ఆరు గంటల మధ్య మస్టర్ దగ్గర ఉండాలి. చంటిపిల్లలున్న తల్లులు దీన్ని ముందే ఆలోచించుకోవాలి. ఆ వేళకి బస్సులు ఉండవు, అంగన్‌వాడీ తెరిచి ఉండదు. ఇంటికి నడిచే దూరంలో ఉన్న వార్డు దొరకడం జీతంలో వెయ్యి రూపాయలు పెరగడం కన్నా మేలు అని నా అభిప్రాయం.

డ్రైవింగ్ వచ్చినవాళ్లు ఆటో టిప్పర్ డ్రైవరు పని కోసం అడగొచ్చు. 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాన్ని నడపడానికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది. అయినా కొన్ని చోట్ల ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ఉందా అని అడుగుతారు, ఉంటే జత చేయండి. ఇక్కడొక తేడా గమనించండి. కొన్ని ఊళ్లలో ఆటో నడిపేవాళ్లకు నెల జీతం ఉండదు. ఇళ్ల దగ్గర వసూలు చేసుకునే డబ్బే సంపాదన. అది ఉద్యోగమా, సొంత పనా అన్నది చేరకముందే సూటిగా అడగండి.

మ్యాన్‌హోళ్లు, పెద్ద డ్రైనేజీ లైన్ల పని అసలు వేరే సంగతి. హైదరాబాద్‌లో ఆ పని జీహెచ్‌ఎంసీది కాదు, జలమండలిది. దాని గురించి చివర్లో చెప్తాను.

ఇక కులం మాట. ఈ పని ఇప్పటికీ ఎక్కువగా మాదిగ, మాల, రెల్లి కుటుంబాల మీదే పడుతోంది. అయితే ఫలానా కులం వాళ్లే చేయాలన్న నిబంధన ఎక్కడా లేదు, ఎవరైనా అడగొచ్చు.

2. జీతం ఎవరిస్తారో కనుక్కోండి

ఒకే వీధిలో పక్కపక్కన ఊడుస్తున్న ఇద్దరికి ఇద్దరు వేర్వేరు యజమానులు ఉండొచ్చు. ఒకరు రెగ్యులర్: పాత రోజుల్లో చేరినవాళ్లో, కుటుంబంలో ఉద్యోగి చనిపోతే కారుణ్య నియామకం కింద వచ్చినవాళ్లో. వీళ్లకు ప్రభుత్వ స్కేలు ఉంటుంది. ఇప్పుడు బయటి నుంచి వచ్చేవాళ్లకు రెగ్యులర్ పోస్టు దొరకడం చాలా అరుదు. మీ నాన్నో అమ్మో రెగ్యులర్ కార్మికులుగా సర్వీసులో ఉండగానే చనిపోయి ఉంటే మాత్రం, వెంటనే కారుణ్య నియామకానికి దరఖాస్తు పెట్టండి. దానికి గడువు ఉంటుంది, ఆలస్యం చేస్తే ఫైలు మూలపడుతుంది. కుటుంబంలో మిగతావాళ్లు తమకు అభ్యంతరం లేదని రాసిచ్చే కాగితం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తప్పకుండా అడుగుతారు.

మిగతావాళ్లంతా అవుట్‌సోర్సింగ్ లేదా కాంట్రాక్టు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ కార్పొరేషన్ పెట్టి, అప్పటిదాకా ప్రైవేటు ఏజెన్సీల చేతుల్లో ఉన్న అవుట్‌సోర్సింగ్ సిబ్బందిని దాని కిందికి తెచ్చారు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు కలిపి సగం ఉద్యోగాలు, మొత్తంలో సగం మహిళలకు అన్నది దాన్ని పెట్టినప్పుడు చెప్పిన నియమం. తెలంగాణ మున్సిపాలిటీల్లో ఒక్కో చోట ఒక్కో తీరు. కొన్నిచోట్ల ఏజెన్సీ ఉంటుంది, కొన్నిచోట్ల మున్సిపాలిటీయే నేరుగా ఖాతాలో వేస్తుంది.

మీ ఊళ్లో ఎలా ఉందో తెలుసుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. ఇప్పటికే పని చేస్తున్న ఒకరిని మంచిగా అడిగి, వాళ్ల బ్యాంకు పాస్‌బుక్‌లో జీతం పడిన వరుస చూడండి. ఎవరి పేరుతో డబ్బు జమ అయిందో అక్కడ అచ్చులో ఉంటుంది. కమిషనరా, కార్పొరేషనా, ఏదో ఎంటర్‌ప్రైజెస్ అనే ఏజెన్సీయా అన్నది అదే చెప్పేస్తుంది. ఆ ఒక్క వరుసతో మీ దరఖాస్తు ఎవరి పేరున రాయాలో, రేపు జీతం ఆగితే ఎవరి గుమ్మం తట్టాలో రెండూ తేలిపోతాయి.

ఏజెన్సీ కింద పనిచేసినా మున్సిపాలిటీకి బాధ్యత తప్పదు. గుత్తేదారు జీతం ఎగ్గొడితే అసలు యజమాని చెల్లించి, గుత్తేదారు బిల్లులో కోసుకోవాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచీ ఉంది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లోనూ ఉంది. "మాకు సంబంధం లేదు, ఏజెన్సీని అడుక్కోండి" అని ఎవరన్నా అంటే ఈ సంగతి గుర్తు చేయండి.

3. ఖాళీ ఉందో లేదో తెలుసుకోవడం

అన్నిటికన్నా ముందు కబురు అందేది వార్డులో పని చేయించే మేస్త్రీకి. వార్డులో ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎవరి చోటు ఎప్పుడు ఖాళీ అవుతుంది అన్నది మేస్త్రీకి తెలిసినంతగా కమిషనర్‌కు కూడా తెలియదు. హైదరాబాద్‌లో ఆ స్థానంలో శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్ ఉంటారు, తెలంగాణ మున్సిపాలిటీల్లో చాలా చోట్ల జవాన్ అంటారు. వాళ్ల పైన శానిటరీ ఇన్‌స్పెక్టర్. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శి కూడా ఉంటారు. తెల్లవారుజామున మస్టర్ పడే చోటికి వెళ్తే వీళ్లందరూ దొరుకుతారు. పదకొండింటికి ఆఫీసుకు వెళ్లి "సార్ ఉన్నారా" అని అడిగితే ఫీల్డులో ఉన్నారంటారు, ఆ మాట నిజమే కూడా.

మస్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మీ పేరు, ఉండే వీధి, ఫోన్ నంబరు ఒక చీటీ మీద రాసి ఇచ్చి రండి. "ఎవరైనా రాకపోతే బదిలీకి రమ్మంటే వస్తారా" అని మేస్త్రీ మిమ్మల్ని అడగొచ్చు. ఇక్కడ ఆలోచించాల్సింది ఉంది. బదిలీ అంటే సెలవు పెట్టిన మనిషి చోట ఆ రోజు పని చేయడం. అలా చేస్తే పని చేతికొస్తుంది, మేస్త్రీకి మీ ముఖం గుర్తుంటుంది, నిజంగా ఖాళీ వచ్చినప్పుడు మొదట మీ పేరు గుర్తొస్తుంది. కానీ ఆ రోజు హాజరు అవతలి మనిషి పేరు మీదే పడుతుంది. మీకు చేతికి డబ్బు ఇస్తారు, కాగితం మీద మీరు లేరు. దెబ్బ తగిలితే ఈఎస్‌ఐ లేదు. ముఖం చూసి హాజరు వేసే యాప్‌లు వచ్చాక ఇలా బదులు పనిచేయడం తగ్గుతోంది, కానీ పూర్తిగా పోలేదు. పని నేర్చుకోవడానికి కొన్నాళ్లు చేయండి, తప్పు లేదు. "రేపో మాపో పర్మనెంట్ చేయిస్తాం" అన్న మాట మీద నెలల తరబడి మాత్రం ఉండొద్దు.

రెండో దారి యూనియన్. మున్సిపల్ కార్మికుల్లో సీఐటీయూ, ఏఐటీయూసీ అనుబంధ సంఘాలు బలంగా ఉన్నాయి. ఏ డివిజన్లో ఎంతమంది తక్కువున్నారో వాళ్ల దగ్గర లెక్క ఉంటుంది, ఎందుకంటే మనుషులు తక్కువైతే పనిభారం పడేది వాళ్ల సభ్యుల మీదే. కౌన్సిలరు, కార్పొరేటరు సిఫారసు కూడా నడుస్తుంది. అది లేదని నటించలేం. వార్డు ప్రజాప్రతినిధిని కలిసి మీ దరఖాస్తు కాపీ ఒకటి ఇవ్వడంలో తప్పేమీ లేదు. సంతకం పెట్టి పంపితే మంచిదే.

మూడోది సమాచార హక్కు. ఇది చాలామంది వాడని పనిముట్టు. 2005 చట్టం కింద మున్సిపల్ కార్యాలయానికి 10 రూపాయల రుసుముతో ఒక దరఖాస్తు పెట్టి, "మన మున్సిపాలిటీకి మంజూరైన పారిశుద్ధ్య కార్మికుల సంఖ్య ఎంత? వార్డువారీగా ఇప్పుడు ఎందరు పనిచేస్తున్నారు? ఖాళీలు ఎన్ని? వాటిని ఏ పద్ధతిలో భర్తీ చేస్తారు?" అని నాలుగు ప్రశ్నలు అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి. దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే ఆ పది రూపాయలు కూడా అక్కర్లేదు. వచ్చిన జవాబును మీ దరఖాస్తుకు జత చేస్తే "ఖాళీలు లేవు" అనే మాట అంత తేలిగ్గా అనలేరు.

4. కాగితాలు: అసలు టెన్షన్ ఇక్కడే

ఈ ఉద్యోగానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ చదువు లేనివాళ్ల కాగితాల్లోనే పేర్లు ఎక్కువ తారుమారై ఉంటాయి. ఆధార్‌లో "యల్లమ్మ", రేషన్ కార్డులో "ఎల్లమ్మ", బ్యాంకులో ఇంటిపేరుతో సహా, ఓటరు కార్డులో భర్త ఇంటిపేరు. చేరేటప్పుడు ఎవరూ పట్టించుకోరు. పీఎఫ్ డబ్బు తీసుకునే రోజు ఈ తేడా అడ్డం పడుతుంది. మనిషి చనిపోయాక కుటుంబం క్లెయిమ్ పెట్టినప్పుడైతే ఇంకా ఘోరం, సరిదిద్దుకుందామంటే సంతకం పెట్టే మనిషే ఉండరు.

కాబట్టి దరఖాస్తుకు ముందే ఆధార్‌ను మూలంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోల్చండి. ఆధార్‌లోనే తప్పుంటే ముందు దాన్ని సరిచేయించండి. పేరును రెండుసార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకునే వీలుంది. అందుకని పుట్టిన తేదీ మార్పించేటప్పుడు తొందరపడొద్దు. వయసు తక్కువ చూపిస్తే ఉద్యోగం ఎక్కువ కాలం ఉంటుందని ఎవరో చెప్పిన మాట విని, పదేళ్లు తగ్గించి రాయించుకునేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత పిల్లల సర్టిఫికెట్లతో పోల్చి చూస్తే తల్లికి పదేళ్లకే బిడ్డ పుట్టినట్టు లెక్క తేలుతుంది!

ఫైలులో ఉండాల్సినవి ఇవి:

- ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు. ఆ సిమ్ మీ దగ్గరే ఉండాలి, కొడుకు దగ్గరో అల్లుడి దగ్గరో కాదు. ఓటీపీలన్నీ దానికే వస్తాయి.
- బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. జన్‌ధన్ ఖాతా అయినా పనికొస్తుంది. అయితే పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతా అయితే ఏడాదికి లక్ష రూపాయలకు మించి జమ కాదు, జీతం మధ్యలో ఆగిపోతుంది. బ్యాంకుకు వెళ్లి కేవైసీ పూర్తి చేయించండి.
- కుల ధ్రువీకరణ, నివాస ధ్రువీకరణ. మీసేవలో, ఆంధ్రలో అయితే వార్డు సచివాలయంలో కూడా.
- రేషన్ కార్డు, పాన్ కార్డు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు.
- బడికి వెళ్లి ఉంటే టీసీ లేదా స్టడీ సర్టిఫికెట్. లేకపోతే వయసుకు ఆధార్‌తో పాటు ప్రభుత్వ డాక్టరు ఇచ్చే వయసు ధ్రువీకరణ అడగొచ్చు.
- ఇదివరకు ఎక్కడైనా, అది ఫ్యాక్టరీ అయినా అపార్ట్‌మెంటు హౌస్‌కీపింగ్ అయినా, పీఎఫ్ కట్ అయి ఉంటే ఆ యూఏఎన్ నంబరు. 12 అంకెల ఆ నంబరు ఒక మనిషికి ఒకటే ఉండాలి. పాతది దాచి కొత్తది తీయిస్తే పాత డబ్బు ఇరుక్కుంటుంది.
- నామినీ వివరాలు: పేరు, వయసు, ఆధార్.

అన్నిటికీ మూడు సెట్ల జిరాక్సులు. ఒరిజినల్ మాత్రం ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. "మా దగ్గర ఉంచండి, తర్వాత ఇస్తాం" అనే ఏజెన్సీకి ఒరిజినల్ పాస్‌బుక్, ఏటీఎం కార్డు ఇచ్చారంటే మీ జీతం తాళం వాళ్లకిచ్చినట్టే.

5. దరఖాస్తు రాయడం

ఒక పేజీ దాటకూడదు. మీ కష్టాలన్నీ అందులో చెప్పుకోవాలనిపిస్తుంది, కానీ చదివేవాడు చూసేది మూడే: ఎక్కడ ఉంటారు, ఏ పని చేయగలరు, ఎప్పటి నుంచి రాగలరు. ఇలా రాయొచ్చు:

"గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

విషయం: అవుట్‌సోర్సింగ్ పద్ధతిలో పబ్లిక్ హెల్త్ వర్కర్‌గా అవకాశం ఇవ్వమని కోరుతూ.

అయ్యా, నేను ఫలానా వార్డు, ఫలానా వీధిలో నివసిస్తున్నాను. నా వయసు 32 సంవత్సరాలు. ఐదో తరగతి వరకు చదివాను. గతంలో ఒక అపార్ట్‌మెంటులో మూడేళ్లు పారిశుద్ధ్య పని చేశాను. రోడ్లు ఊడ్చడం, ఇంటింటి చెత్త సేకరణ, తడి పొడి చెత్త వేరుచేయడం చేయగలను. తెల్లవారుజామున పనికి హాజరు కాగలను. మా వార్డులోగాని, పక్క వార్డుల్లోగాని ఖాళీ ఉన్నచో నాకు అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అవసరమైన ధ్రువపత్రాల నకళ్లు జతపరిచాను."

కింద సంతకం లేదా వేలిముద్ర, ఫోన్ నంబరు, తేదీ. చదవడం రాకపోతే వేరేవాళ్లతో రాయించుకోండి, కానీ సంతకం పెట్టేముందు బిగ్గరగా చదివించుకుని వినండి.

రెండు కాపీలు తీసుకెళ్లి, ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు సెక్షన్లో ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. దరఖాస్తు కాగితం విలువంతా ఆ ముద్రలోనే ఉంది. ముద్ర లేని దరఖాస్తును ఎన్నిసార్లు ఇచ్చినా ఇవ్వనట్టే. తీసుకోకపోతే సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడ రసీదు ఇస్తారు. ఏజెన్సీ ఉన్న చోట వాళ్లకు కూడా ఒక కాపీ ఇవ్వాలి.

6. డబ్బు అడిగితే

అడుగుతారు. లక్షల్లో కూడా అడుగుతారు. "ఇప్పుడు అవుట్‌సోర్సింగ్, రెండేళ్లలో పర్మనెంట్, నాకు పైన మనుషులున్నారు" అన్న పాట చాలా ఊళ్లలో వినిపిస్తుంది. బంగారం కుదువపెట్టి ఇచ్చినవాళ్లు ఉన్నారు. లెక్క చూడండి: నెలకు పదిహేను, పదహారు వేలు చేతికొచ్చే ఉద్యోగానికి రెండు లక్షలు ఇస్తే, వడ్డీతో కలిపి ఏడాదికి పైగా మీరు ఊరికే ఊడ్చినట్టు. పైగా అది లంచం కాబట్టి తిరిగి అడగడానికి కాగితం ఉండదు. అవుట్‌సోర్సింగ్ చోటు అమ్మే హక్కు ఎవరికీ లేదు, దాన్ని పర్మనెంట్ చేసే అధికారం ఏ మేస్త్రీకీ, ఏ దళారికీ లేదు.

అడిగింది ప్రభుత్వ ఉద్యోగి అయితే తెలంగాణలో ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబరు 1064. బయటి దళారి అయితే పోలీస్ స్టేషన్. ఫోన్లో లింకు పంపి "రిజిస్ట్రేషన్ ఫీజు" కట్టించుకుంటే అది సైబర్ మోసం, 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

7. పిలుపు వస్తే

ఇంటర్వ్యూ అని పిలిచినా అది రెండు నిమిషాల మాటే. ఎక్కడ ఉంటావు, తెల్లవారి రాగలవా, ఇదివరకు చేశావా అని అడుగుతారు. కొన్ని చోట్ల ఆరోగ్య పరీక్ష ఉంటుంది. బీపీ, షుగరు ఉంటే దాచొద్దు, అది ఉన్నంత మాత్రాన పని ఇవ్వకుండా పోరు. మీ వంతుగా చేరకముందే ధనుర్వాతం టీకా, హెపటైటిస్ బి టీకా వేయించుకోండి. హెపటైటిస్ బి మూడు డోసులు, మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. చెత్తలో సూదులు, పగిలిన సీసాలు రోజూ తగులుతాయి కాబట్టి ఇది ఎలా ఉన్నా చేయాల్సిందే.

8. చేరిన వారం

మొదటి రోజే మస్టర్‌లో మీ పేరు చూసుకోండి. యాప్‌లో హాజరు అయితే మీ ముఖం రిజిస్టర్ చేసి, మీ పేరు తెరమీద రావడం కళ్లారా చూడండి. చేరిన తేదీ ఒక నోటుబుక్కులో రాసుకుని, రోజూ హాజరు వేసిన సమయం కూడా రాయండి. సిగ్నల్ లేక హాజరు పడకపోతే అదే రోజు మేస్త్రీకి చెప్పి, ఫోన్లో మెసేజ్ కూడా పెట్టండి. నెలాఖరున "మూడు రోజులు పడలేదు" అంటే అప్పుడు రుజువు ఎక్కడి నుంచి తెస్తారు?

రాతపూర్వకంగా నియామక పత్రం అడగండి. ఇవ్వకపోతే కనీసం గుర్తింపు కార్డు. దాని మీద యజమాని పేరు ఉంటుంది కాబట్టి అది కూడా రుజువే.

ఇవ్వాల్సిన సామాను కూడా అడిగి తీసుకోండి: గ్లౌజులు, మాస్కు, గమ్‌బూట్లు లేదా చెప్పులు, రేడియం జాకెట్, యూనిఫాం, చీపుర్లు. సబ్బులు, కొబ్బరి నూనె ఇచ్చే ఆనవాయితీ మన మున్సిపాలిటీల్లో ఎప్పటి నుంచో ఉంది. ఏళ్ల తరబడి ఇవ్వకుండా వదిలేసిన చోట్లూ ఉన్నాయి. జాకెట్ విషయంలో పట్టుబట్టండి. చీకట్లో రోడ్డు మధ్య డివైడర్ పక్కన ఊడుస్తున్నప్పుడు వెనక నుంచి వచ్చే బండి వాడికి మీరు కనపడేది దానివల్లే.

పీఎఫ్, ఈఎస్‌ఐ ఫారాలు నింపేటప్పుడు పక్కనే ఉండి పేరు అక్షరాలు, పుట్టిన తేదీ, నామినీ సరిగా వేశారో లేదో చూడండి. యూఏఎన్ నంబరు, 10 అంకెల ఈఎస్‌ఐ ఇన్సూరెన్స్ నంబరు రెండూ ఆ నెలలోనే రాసి తీసుకోండి.

9. మొదటి జీతం వచ్చాక లెక్క చూడండి

ఒక ఉదాహరణ. జీతం 18,000 అనుకుందాం. పీఎఫ్ కింద మీ వాటా 12 శాతం. కొందరు మొత్తం జీతం మీద, అంటే 2,160 కోస్తారు. కొందరు 15,000 పరిమితి వరకే లెక్కేసి 1,800 కోస్తారు. రెండూ చెల్లుతాయి. ఈఎస్‌ఐ కింద మీ వాటా 0.75 శాతం, అంటే 135. వృత్తి పన్ను 150. కాబట్టి మీ చేతికి 15,555 గాని, 15,915 గాని రావాలి. అంతకన్నా బాగా తక్కువ పడితే అడగండి. చాలాసార్లు జరిగే మోసం ఏమిటంటే, యజమాని కట్టాల్సిన 12 శాతం పీఎఫ్, 3.25 శాతం ఈఎస్‌ఐ కూడా మీ జీతంలోంచే కోయడం. అది చట్టవిరుద్ధం. ఆ వాటా యజమాని తన జేబులోంచి కట్టాలి.

జీతం ఎంత ఉండాలన్నది ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంటుంది, సమ్మెలతో పెరుగుతూ వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూలై సమ్మె తర్వాత పారిశుద్ధ్య కార్మికులకు 15,000 జీతం, 6,000 ఆరోగ్య అలవెన్సు కలిపి 21,000 అయింది. మీకు వర్తించే తాజా ఉత్తర్వు కాపీ యూనియన్ ఆఫీసులో అడిగి తీసుకోండి. ఈఎస్‌ఐ పరిమితి కూడా 21,000 దగ్గరే ఉందని గమనించండి. జీతం అది దాటితే ఆ ఆరు నెలల చందా కాలం అయ్యాక ఈఎస్‌ఐ ఆగిపోతుంది. కాబట్టి పెంపు వచ్చిందని సంతోషించే ముందు ఆరోగ్యానికి ప్రత్యామ్నాయం ఏమిటో అడగాలి.

ఈఎస్‌ఐని తక్కువగా చూడొద్దు. చేరిన మొదటి రోజు నుంచి మీకూ కుటుంబానికీ వైద్యం ఉంటుంది. జబ్బు చేసి పనికి వెళ్లలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు, అయితే దానికి ముందు 78 రోజుల చందా కట్టి ఉండాలి. పనిలో దెబ్బ తగిలితే ఆ షరతు లేదు, 90 శాతం లెక్కన ఇస్తారు. ఇంటి నుంచి మస్టర్‌కు వస్తూ దారిలో ప్రమాదం జరిగినా అది పనిలో జరిగినట్టే.

యజమాని పీఎఫ్, ఈఎస్‌ఐ డబ్బు మరుసటి నెల 15వ తేదీలోపు కట్టాలి. ఉమంగ్ యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవచ్చు. మీకు చూడటం రాకపోతే ఇంట్లో చదువుకునే పిల్లలతో చూపించుకోండి. ఒక నెల ఖాళీగా కనిపిస్తే మేస్త్రీకి, యూనియన్‌కు చెప్పండి. రెండో నెల కూడా అంతే అయితే కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ పీఎఫ్ ఆఫీసుకు పంపండి. ఆలస్యం చేసేకొద్దీ ఏజెన్సీ మారిపోయే ప్రమాదం ఉంది. టెండరు మారి కొత్త ఏజెన్సీ వచ్చిందంటే పాత బకాయి గురించి అడగడానికి ఎదురుగా మనిషే ఉండడు. అలా మారినప్పుడు పాత యూఏఎన్ కిందే కొనసాగించమని కొత్తవాళ్లకు చెప్పడం మర్చిపోవద్దు. పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి, ముక్కలు ముక్కలైతే ఆ పదేళ్లు కలవవు.

10. మ్యాన్‌హోల్‌లోకి దిగమంటే

దిగొద్దు. మీరు రోడ్లు ఊడ్చే పనికో, చెత్త సేకరణకో చేరారు. వర్షాకాలంలో నీళ్లు నిలిచాయని, "ఒక్క నిమిషం మూత తీసి లోపల ఉన్నది తీసెయ్" అని ఎవరైనా చెప్పొచ్చు. లోపల పేరుకున్న విషవాయువు రెండు ఊపిరుల్లో మనిషిని పడేస్తుంది. కాపాడదామని దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా అక్కడే పడిపోయిన ఘటనలు మన నగరాల్లోనే జరిగాయి. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకో, మురుగు లైనులోకో దించడాన్ని 2013 నాటి పాకీపని నిషేధ చట్టం నేరంగా చెప్పింది. ఇలాంటి చట్టాలు కాగితాల మీదే ఉండిపోకుండా దశాబ్దాలుగా పోరాడుతున్న సఫాయి కర్మచారీ ఆందోళన్ జాతీయ కన్వీనర్ బెజవాడ విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ సంస్థ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2014లో మురుగు మరణాలకు 10 లక్షల పరిహారం ఖరారు చేసింది. వేరే కేసులో 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది.

"దిగను" అన్నందుకు పని తీసేస్తామంటే ఎవరన్నారు, ఎప్పుడన్నారు, పక్కన ఎవరున్నారు అన్నది మీ నోటుబుక్కులో రాసి, అదే రోజు యూనియన్‌కూ కమిషనర్‌కూ కాగితం ఇవ్వండి. మురుగు, సెప్టిక్ ట్యాంకులకు సంబంధించి దేశమంతటికీ 14420 నంబరు ఉంది, అక్కడా చెప్పొచ్చు. ఆ లైను శుభ్రం చేయడానికి జెట్టింగ్ యంత్రం పిలిపించడం అధికారి పని. అది వచ్చేదాకా మూత దగ్గర జనం రాకుండా చూడమంటే చూడండి.